సూట్‌కేసు సర్దాక తలుపు మూస్తే... విదేశీ దత్తతలో చివరి మెట్టుకు పూచీ ఎవరిది?

మా ఖాలా కొడుకు, భాభీ డల్లాస్‌లో ఉంటారు. పెళ్లయి పదకొండేళ్లు. ఇండియా నుంచి పాపను దత్తత తీసుకుందామని కారా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని చాలాకాలం ఎదురుచూశారు. ఈ మధ్యే పాప ఫొటో వచ్చింది. మొన్న రాత్రి భాభీ ఫోన్ చేసి, "పద్దెనిమిది నెలల పాపకు ఏ సైజు ఫ్రాకులు కొనాలి? ఫొటోలో బాగా సన్నగా ఉంది" అని అడిగింది. నాకేం తెలుసు సైజుల సంగతి! అమ్మీని అడిగి చెప్పాను, మూడు సైజులూ కొనుక్కోమంది. తర్వాత భాయ్ ఫోన్ తీసుకుని వేరే గదిలోకి వెళ్లి గొంతు తగ్గించి అడిగాడు. "టికెట్లు ఇప్పుడే కొనొచ్చా? చైనా కేసుల్లో జరిగినట్టు మనకూ జరిగితే ఎట్లా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న పట్టుకుని నాలుగు రోజులు చదివాను. అందులోంచి వచ్చిందే ఈ వ్యాసం.

చైనా కేసులంటే, చైనా పిల్లల్ని దత్తత తీసుకోవడానికి అన్నీ సిద్ధం చేసుకుని ఆగిపోయిన అమెరికన్ కుటుంబాల కేసులు. 2024 సెప్టెంబర్ 5న బీజింగ్‌లో విదేశాంగ శాఖ ప్రతినిధి మావో నింగ్ రోజువారీ విలేకరుల సమావేశంలో ఒక మాట చెప్పారు. ఇకమీదట చైనా పిల్లల్ని విదేశాలకు దత్తత పంపేది లేదు. మూడు తరాల లోపు రక్తసంబంధీకులు తమ బంధువుల పిల్లల్ని తీసుకున్నా, సవతి పిల్లల్ని తీసుకున్నా మాత్రమే మినహాయింపు. కారణం అడిగితే అంతర్జాతీయ ఒప్పందాల స్ఫూర్తి అన్నారు, అంతకుమించి వివరం ఇవ్వలేదు. 1992లో దత్తత చట్టం వచ్చాక ముప్పై ఏళ్లలో లక్షా 60 వేల మందికి పైగా చైనా పిల్లలు ప్రపంచమంతటా కొత్త ఇళ్లకు వెళ్లారు. అందులో 82 వేల మందికి పైగా ఒక్క అమెరికాకే. 2005 ఒక్క ఏడాదే దాదాపు 7,900 మంది. అంత పెద్ద తలుపు ఒక్క ప్రకటనతో మూసుకుంది.

మూసుకోవడం గురించి చాలామంది రాశారు. ఒక బిడ్డకు కేటాయింపు జరిగి, ఫొటో చూసుకుని, పేరు పెట్టుకుని, ప్రయాణానికి ఒకటి రెండు మెట్ల దూరంలో ఉన్నవాళ్ల సంగతే నన్ను పట్టుకుంది. అమెరికాలో ఇలాంటి కుటుంబాలు దాదాపు 300 అని అంచనా. చైనా పౌర వ్యవహారాల శాఖ అమెరికా దౌత్యాధికారులకు చెప్పింది ఏమిటంటే, మినహాయింపులోకి రాని కేసులు ఏ దశలో ఉన్నా ముందుకు తీసుకెళ్లం అని. మొదటి దరఖాస్తు వేసినవాడికీ, విమానం ఎక్కబోయినవాడికీ ఒకటే జవాబు.

ఆ దశలేమిటో తెలిస్తేగాని ఈ జవాబు బరువు తెలియదు. చైనాకు వెళ్లాలనుకున్న దంపతులు ముందు ఒక ఫైలు తయారు చేసేవారు. ఇంటికి సామాజిక కార్యకర్త వచ్చి చూసి రాసిన నివేదిక, పోలీసు క్లియరెన్సు, వైద్య పరీక్షలు, పెళ్లి సర్టిఫికెట్, జీతం కాగితాలు. ఒక్కోదానికీ నోటరీ ముద్ర, రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, దానిపైన చైనా కాన్సులేట్ ముద్ర. ఆ ఫైలు బీజింగ్ చేరితే ఒక తేదీ ఇచ్చేవారు. తర్వాత బిడ్డ కేటాయింపు. ఆ బిడ్డను మీరు ఒప్పుకుంటున్నారా అని చైనా నుంచి ఉత్తరం. అమెరికా ఇమిగ్రేషన్ నుంచి ఆ బిడ్డ పేరు మీదే తాత్కాలిక ఆమోదం. ఆపైన గ్వాంగ్‌జౌలోని అమెరికా కాన్సులేట్ ఇచ్చే ఉత్తరం. ఇవన్నీ అయ్యాక చివర్లో ప్రయాణ అనుమతి. ఆ ఒక్క కాగితం చేతికొచ్చిన రెండు మూడు వారాల్లో దంపతులు విమానం ఎక్కేవారు.

ఆ రెండు మూడు వారాలు ఇంట్లో పెళ్లి పనుల్లాగే ఉండేవి. మూడు సైజుల్లో బట్టలు, డైపర్లు, పాలపొడి, గజ్జికి రాసే మందు, జ్వరం మందు, అనాథాశ్రమంలో ఆయాలకు చిన్న చిన్న బహుమతులు. పాత రోజుల్లో ఆశ్రమానికి కట్టాల్సిన విరాళం కోసం మడతపడని కొత్త వంద డాలర్ల నోట్లు బ్యాంకు నుంచి అడిగి తెచ్చుకునేవారు, వాటిని బట్టల కింద నడుముకు కట్టుకుని ప్రయాణం చేసేవారు. అక్కడికి వెళ్లాక కనీసం రెండు వారాల పని. ముందు బిడ్డ ఉన్న రాష్ట్ర రాజధానికి వెళ్లాల్సి వచ్చేది. పౌర వ్యవహారాల కార్యాలయంలో బిడ్డను చేతికిచ్చి, ఒక రోజు ఆగి దత్తత నమోదు చేసేవారు. బిడ్డ పాస్‌పోర్టు వచ్చేదాకా ఆ ఊళ్లోనే హోటల్లో ఉండాల్సి వచ్చేది. ఆ తర్వాత వైద్య పరీక్షకూ వీసాకూ గ్వాంగ్‌జౌ. చాలా ఏళ్లపాటు కాన్సులేట్ అక్కడి షామియాన్ దీవిలో ఉండేది, పక్కనే వైట్ స్వాన్ హోటల్. ఆ హోటల్ లాబీలో స్ట్రోలర్ల వరస ఉండేదని వెళ్లొచ్చినవాళ్లు చెప్పుకునేవారు.

ఇందులో మనవాళ్ల దృష్టికి సాధారణంగా రాని పని ఇంకొకటి ఉంది. ప్రయాణానికి ముందే బిడ్డకు ఒక చిన్న ఆల్బమ్ పంపేవారు. ఇది అమ్మ, ఇది నాన్న, ఇది నీ మంచం, ఇది మన కుక్క. కింద చైనా భాషలో పేర్లు. ఆయాలు ఆ ఆల్బమ్ చూపిస్తూ రోజూ చెప్పేవారు, వీళ్లు నిన్ను తీసుకెళ్లడానికి వస్తారని. రెండేళ్ల పిల్లకు అది బొమ్మల పుస్తకం. ఏడెనిమిదేళ్ల పిల్లకు మాత్రం అది మాట ఇచ్చినట్టే.

2020 జనవరి చివర్లో కోవిడ్‌తో ప్రయాణాలు ఆగిపోయాయి. మొదట్లో వారాల మాటే అనుకున్నారు. తర్వాత నెలలు, ఆపైన ఏళ్లు. ఇమిగ్రేషన్ ఆమోదం గడువు 15 నెలలు, అది తీరితే మళ్లీ ఫీజు, మళ్లీ వేలిముద్రలు, మళ్లీ ఇంటి నివేదిక. సర్దిపెట్టిన సూట్‌కేసులో బట్టలు చిన్నవైపోతే తీసేసి పెద్ద సైజువి పెట్టారు. పుట్టినరోజుకు మధ్యవర్తుల ద్వారా కేకు పంపించారు. 2023లో కొద్దిగా ఆశ కలిగింది, ముందే ప్రయాణ అనుమతి ఉన్న కొన్ని కేసులను చైనా కదిలించింది. ఆ ఆర్థిక సంవత్సరంలో చైనా పిల్లలకు అమెరికా ఇచ్చిన దత్తత వీసాలు 16. వందలు కాదు, వేలు కాదు, పదహారు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో తలుపు పూర్తిగా మూసేశారు.

ఆ పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్య సమస్యలున్నవాళ్లు. ఆడపిల్లల్ని వదిలేసే రోజులు తగ్గాక, చివరి పదేళ్లలో విదేశాలకు వెళ్లినవాళ్లలో అత్యధికులు గుండె జబ్బు, గ్రహణం మొర్రి, డౌన్ సిండ్రోమ్, వెన్నెముక లోపం లాంటివి ఉన్న పిల్లలే. "దేశంలోనే దత్తత ఇచ్చుకుంటాం" అనే మాట బాగానే ఉంటుంది. ఈ పిల్లల్ని కేటాయింపునకు పెట్టినప్పుడు దేశంలో ఎవరూ ముందుకు రాకపోవడం వల్లే కదా వాళ్ల ఫైళ్లు బయటికొచ్చాయి.

నేను బీకాం చదివినవాణ్ణి, లెక్క చూడకుండా ఉండలేను. ఈ నష్టం ఎవరి ఖాతాలో పడింది? విదేశీ దత్తతకు ఒక కుటుంబం పదుల వేల డాలర్లు ఖర్చు పెడుతుంది. అందులో ఎక్కువ భాగం ప్రయాణానికి ముందే అయిపోతుంది, ఏజెన్సీ ఫీజు, ఫైలు, అనువాదాలు, ప్రభుత్వ రుసుములు. అమెరికాలో దత్తత ఖర్చుకు ఆదాయపు పన్నులో రాయితీ ఉంది, 2024కి గరిష్ఠంగా 16,810 డాలర్లు. ఇందులో ఒక మెలిక ఉంది. అమెరికాలోనే పుట్టిన బిడ్డను దత్తత తీసుకోబోయి అది మధ్యలో చెడిపోయినా ఆ ఖర్చుకు రాయితీ అడగొచ్చు. విదేశీ బిడ్డ విషయంలో మాత్రం దత్తత పూర్తయితేనే రాయితీ. అంటే చైనా కేసుల్లో ఆగిపోయిన కుటుంబాలకు ఆ దారీ లేదు. పంపే దేశం పూచీ పడదు, తీసుకునే దేశం పన్ను చట్టం కూడా పట్టించుకోదు, ఏజెన్సీ ఒప్పందంలో "విదేశీ ప్రభుత్వ నిర్ణయాలకు మేం బాధ్యులం కాదు" అనే ధోరణి వాక్యం ఒకటి ఉండనే ఉంటుంది. చివరికి భారమంతా తల్లిదండ్రులది. ఇక బిడ్డ పోగొట్టుకున్నది ఏ ఖాతాలోనూ రాయలేం.

1993 హేగ్ ఒప్పందం చదివాను. ఇండియా 2003లో ఆమోదించింది, అమెరికాలో 2008 నుంచి అమల్లో ఉంది. బిడ్డను అమ్మకుండా, దొంగిలించకుండా, డబ్బు చేతులు మారకుండా చూడటానికి అందులో చాలా ఏర్పాట్లున్నాయి. మంచిదే. అయితే ఒక దేశం మధ్యలో కార్యక్రమం ఆపేస్తే, అప్పటికే కేటాయింపు పూర్తయిన పిల్లల్ని ఏం చేయాలన్నదానికి అందులో ఏర్పాటు లేదు. బిడ్డను కేటాయించడం కాంట్రాక్టు కాదు. చివరి సంతకం పడేదాకా ఎవరికీ హక్కు పుట్టదు.

దేశాలు ఎందుకు ఆపుతున్నాయి?

తలుపులు మూయడం తప్పని నేను అనడం లేదు. చైనాలోనే 2005లో హునాన్ రాష్ట్రంలో అనాథాశ్రమాలు పిల్లల్ని డబ్బిచ్చి కొని విదేశాలకు పంపిన వ్యవహారం బయటపడింది. దక్షిణ కొరియాలో సత్యశోధన సంఘం 2025 మార్చిలో తేల్చింది ఏమిటంటే, దశాబ్దాల పాటు పిల్లల్ని విదేశాలకు పంపడంలో తప్పుడు రికార్డులు పుట్టాయని, తల్లిదండ్రులున్న పిల్లల్ని అనాథలుగా రాశారని, దానికి ప్రభుత్వానిదే బాధ్యత అని. నెదర్లాండ్స్ కొత్త విదేశీ దత్తతలను ఆపేసింది. డెన్మార్క్‌లో ఉన్న ఒకే ఒక్క ఏజెన్సీ 2024 జనవరిలో పని మానేస్తున్నట్టు చెప్పింది. అమెరికాకు 2004లో దాదాపు 23 వేల మంది విదేశీ పిల్లలు దత్తత వచ్చారు. 2023లో వచ్చింది 1,275 మంది. ఇప్పుడు ముందువరుసలో మిగిలిన దేశాల్లో మన ఇండియా ఒకటి.

మన ఇల్లు మాత్రం శుభ్రమా? 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్‌లో దత్తత సంస్థల మీద దాడులు జరిగినప్పుడు ఏం బయటపడిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నల్గొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడా తండాల్లో పుట్టిన ఆడపిల్లల్ని మధ్యవర్తులు నాలుగు డబ్బులిచ్చి తెచ్చి, తల్లి ఇష్టపూర్వకంగా వదులుకున్నట్టు కాగితం రాయించి, విదేశీ దంపతులకు డాలర్ల లెక్కన పంపారు. గీతా రామస్వామి లాంటివాళ్లు ఆ కాగితాల వెనకాల కథ తవ్వి తీశారు. దేవరకొండలో వి. రుక్మిణీరావు నడిపిన గ్రామ్య సంస్థ ఆ తండాల్లోనే పని చేసింది. 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, తల్లిదండ్రులు వదులుకున్న పిల్లల్ని దత్తతకు ఇవ్వడమే ఆపేసింది. పిల్లల్ని శిశువిహార్‌కు తరలించారు.

అప్పుడు కూడా అటువైపు సూట్‌కేసులు సర్దుకున్నవాళ్లు ఉన్నారు. ఫొటో చూసి పేరు పెట్టుకున్న విదేశీ దంపతులు ఏళ్ల తరబడి మన కోర్టుల్లో తిరిగారు, సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులున్నాయి. ఇక్కడ నేను నిజం ఒప్పుకోవాలి. ఆ కేసుల్లో ఆపడమే న్యాయం అయిన సందర్భాలున్నాయి. తండాలో తల్లి ఏడుస్తూ ఉంటే, డల్లాస్‌లోనో మిలాన్‌లోనో ఇంకో అమ్మ ఎంత మంచిదైనా సరే, ఆ బిడ్డ ఆమెది కాదు. కాబట్టి "చివరి మెట్టు మీద ఉన్నవాళ్లందరినీ వదిలేయండి" అనడం కుదరదు. ఒక్కో ఫైలూ తెరిచి చూడండి, ఆ బిడ్డ ఎవరు, ఎలా వచ్చింది, ఆమెకు ఇప్పటికే ఏం చెప్పారు, ఆపితే ఆమె ఎక్కడికి పోతుంది అని అడగండి, ఆ తర్వాత నిర్ణయించండి. నేను అడిగేది ఇంతే. చైనా చేయనిది అదే.

రష్యా కూడా చేయలేదు. 2012 డిసెంబర్ 28న పుతిన్ సంతకం పెట్టిన చట్టం, మూడు రోజులు తిరగగానే జనవరి 1 నుంచి అమెరికన్లు రష్యా పిల్లల్ని దత్తత తీసుకోకుండా ఆపింది. నిజానికి అది వేరే గొడవ, రష్యా అధికారుల మీద అమెరికా పెట్టిన ఆంక్షలకు ఎదురుదెబ్బ. అప్పటికే కోర్టు తీర్పు వచ్చినవాళ్లు పిల్లల్ని తెచ్చుకోగలిగారు. అనాథాశ్రమానికి వెళ్లి బిడ్డతో రోజులు గడిపి, కోర్టు తేదీ కోసం ఇంటికి తిరిగొచ్చినవాళ్లు మాత్రం పోగొట్టుకున్నారు. వాళ్లలో 45 మంది స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. 2017 జనవరి 17న తీర్పొచ్చింది. కేసు ఏ దశలో ఉందో, ఆ బిడ్డ పరిస్థితి ఏమిటో చూడకుండా జాతీయతను బట్టి అందరినీ ఒకే కత్తితో కోయడం వివక్ష అని కోర్టు తేల్చింది. పరిహారం? ఒక్కో జంటకు 3,000 యూరోలు. ఇంటి నివేదికల ఖర్చుకు కూడా చాలవు. కానీ ఆ తీర్పులో ఒక సూత్రం ఉంది, చివరి దశకు వచ్చిన కేసు మొదటి దశ కేసు లాంటిది కాదు అని. చైనా మీద వాడటానికి అలాంటి కోర్టేదీ లేదు, అది వేరే సంగతి.

కాంగో సంగతి ఇంకో రకం. అక్కడ 2013 సెప్టెంబర్‌లో దేశం విడిచే అనుమతులు ఆపేశారు. దత్తత అయిపోయింది, కోర్టు ఉత్తర్వు చేతిలో ఉంది, చట్టం ప్రకారం వీళ్లే తల్లిదండ్రులు, అయినా బిడ్డ విమానం ఎక్కడానికి వీల్లేదు. కొందరు తల్లులు ఉద్యోగాలు మానుకుని కిన్షాసాలో అద్దె ఇంట్లో ఉండిపోయారు. 2016లో గాని చాలామంది బయటపడలేదు. అంటే కోర్టు ఉత్తర్వు కూడా చివరి మెట్టు కాదన్నమాట!

ప్రభుత్వాలకు మనసుంటే మార్గం ఉంటుందని హైతీ చూపించింది. 2010 జనవరి 12న భూకంపం వచ్చింది. అప్పటికే అమెరికన్ కుటుంబాలకు కేటాయించిన పిల్లల్ని మానవతా అనుమతి కింద వారం తిరగకముందే తెచ్చుకోనిచ్చారు, వెయ్యి మందికి పైగా అలా వెళ్లారు. అదే నెలాఖరులో ఒక చర్చి బృందం ఏ కాగితమూ లేకుండా 33 మంది పిల్లల్ని బస్సులో సరిహద్దు దాటించబోయి అరెస్టయింది. ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారు. ఫైలు ఉన్న బిడ్డకూ ఫైలు లేని బిడ్డకూ తేడా అక్కడే తెలిసింది.

మనవాళ్లకు ఇంకో చిక్కు

ఈ సైటు చదివేవాళ్లలో సగం ఇళ్లలో ఎవరో ఒకరు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటారు. దత్తత మాట వస్తే మనింట్లో మొదట వచ్చే ప్రశ్న కాగితాలది కాదు, ఇది జాయెజా కాదా అని. యతీం బిడ్డను సాకడం పుణ్యం, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ బిడ్డకు కన్నతండ్రి పేరు మార్చకూడదని సూరా అహ్‌జాబ్‌లో ఉంది, వారసత్వం నేరుగా రాదు, పెద్దయ్యాక మహ్రమ్ సమస్య వస్తుంది. అందుకే మన సంప్రదాయంలో కఫాలా ఉంది, సంరక్షణ. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 20వ అధికరణం కూడా కఫాలాను పేరుపెట్టి గుర్తించింది. ఆచారం తెలిసిన ఇళ్లలో ప్రయాణానికి ముందు సూట్‌కేసుతో పాటు ఇంకో ఏర్పాటు కూడా చేసుకుంటారు. బిడ్డ రెండేళ్ల లోపుదైతే, తల్లికి డాక్టరు సలహాతో పాలు పడేలా మందులు, లేదంటే ఆడపిల్లకైతే తండ్రి అక్కచెల్లెళ్లలో, మగపిల్లాడికైతే తల్లి అక్కచెల్లెళ్లలో పాలిచ్చే అమ్మాయి ఎవరైనా ఉన్నారా అని చూసుకోవడం. పాల బంధం ఏర్పడితే ఇంట్లో పర్దా చిక్కు ఉండదు. ఆస్తి సంగతి హిబా, వసీయత్‌తో సర్దుకుంటారు.

ఇంట్లో ఇది సర్దుకుంటుంది. ఎయిర్‌పోర్టులో సర్దుకోదు. 2013 జూలైలో కెనడా, పాకిస్తాన్ నుంచి దత్తతలను ఆపేసింది. అక్కడి కోర్టులు ఇచ్చేది సంరక్షకత్వమే, దత్తత కాదు, కాబట్టి వీసాకు పనికిరాదు అని కారణం. అంతకుముందు ఏళ్ల తరబడి అదే కాగితంతో పిల్లలు కెనడా వెళ్లారు మరి! ఆ మధ్యలో దరఖాస్తుల్లో ఉన్న కుటుంబాలూ చిక్కుకున్నాయి. అవి మనలాంటి ఇళ్లే.

ఇండియాలో పరిస్థితి కొంత నయం. హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకత్వం దొరుకుతుంది, అది బిడ్డకు 18 ఏళ్లు నిండేదాకే. అయితే 2014 ఫిబ్రవరి 19న షబ్నమ్ హాష్మీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతం వాళ్లయినా దత్తత తీసుకోవచ్చు, ఇష్టం లేనివాళ్లు తమ పర్సనల్ లా ప్రకారం ఉండొచ్చు, బలవంతం లేదు అని. ఆలిమ్‌లు ఈ తీర్పు గురించి ఏమన్నా, విదేశానికి బిడ్డను తీసుకెళ్లాలనుకునే ముస్లిం దంపతులకు ఇప్పుడున్న నికరమైన దారి ఇదొక్కటే. పాస్‌పోర్టు అధికారి, వీసా అధికారి అడిగేది దత్తత ఉత్తర్వునే.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. పాతబస్తీలో నేను రెండుసార్లు చూశాను, ఆసుపత్రి నుంచో బంధువుల నుంచో బిడ్డను తీసుకుని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని నోటరీ చేయించుకోవడం. "రియాద్ నుంచి భాయ్ వస్తాడు, తీసుకెళ్తాడు, వీసా సంగతి తర్వాత చూద్దాం." ఆ కాగితానికి విలువ లేదు సరికదా, జువెనైల్ జస్టిస్ చట్టం 80వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. డబ్బు చేతులు మారితే 81వ సెక్షన్, ఐదేళ్ల దాకా. బంధువుల బిడ్డనే తీసుకోవాలనుకుంటే చట్టంలో దారి ఉంది. బాబాయి, అత్త, మామ, పిన్ని, ఇరువైపుల తాతానానమ్మలూ అమ్మమ్మలూ ఆ కోవలోకి వస్తారు. విదేశంలో ఉంటే అది కూడా కారా ద్వారానే నడవాలి. స్టాంపు పేపరు ముందు రాసుకుని తర్వాత కారాకు వెళ్తే పని సులువు కాదు, చిక్కు పెరుగుతుంది.

ఇప్పుడు భాయ్ ప్రశ్న. టికెట్లు కొనొచ్చా?

అతనికి నేను చెప్పింది రాస్తున్నాను. అతను ఇంకా ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉన్నాడు కాబట్టి ఎన్నారై, కేటాయింపు వరసలో ఇక్కడి వాళ్లతో సమానం. విదేశీయులకు వరస తర్వాత వస్తుంది. పాపను ఒప్పుకున్నాక అమెరికా వైపు నుంచి హేగ్ ఉత్తరాలు రావాలి. అవి వచ్చాకే కారా నిరభ్యంతర పత్రం ఇస్తుంది. తర్వాత జిల్లా మేజిస్ట్రేట్ దత్తత ఉత్తర్వు. 2022 సెప్టెంబర్ దాకా ఇది కోర్టు పని, ఇప్పుడు కలెక్టర్ల చేతికొచ్చింది. చట్టం రెండు నెలల్లో తేల్చమంటుంది. ఉత్తర్వు తర్వాత కారా నుంచి హేగ్ ధ్రువపత్రం, పాప పాస్‌పోర్టు, ఆఖరున వీసా. ఏజెన్సీకి కట్టే 5,000 డాలర్లకు రసీదు తీసుకోవాలి, అంతకుమించి "విరాళం" అడిగితే ఇవ్వకూడదు. అమెరికా చేరాక రెండేళ్లు నివేదికలు పంపాలి, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి.

వెనక్కి తీసుకోగల టికెట్ అయితేనే కొను అన్నాను. సెలవు ఒకేసారి పెట్టకుండా రెండు ముక్కలు చేసుకోమన్నాను, ఉత్తర్వుకూ వీసాకూ మధ్య ఎన్ని వారాలో ఎవరూ చెప్పలేరు కాబట్టి. ఇంకొకటి కూడా చెప్పాను, దానికి కాసేపు మాట్లాడలేదు అతను. పాప ఫైలులో ఆమె ఎక్కడ దొరికింది, ఎవరు వదులుకున్నారు, బాలల సంక్షేమ సమితి ఏ తేదీన దత్తతకు అర్హురాలని ప్రకటించింది, ఇవన్నీ చదువు, కాపీ తీసుకుని పెట్టుకో అన్నాను. వీసా కోసం మాత్రమే కాదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్ల అడుగుతుంది. కొరియా నుంచి వెళ్లినవాళ్లు ఇప్పుడు యాభై ఏళ్ల వయసులో అదే వెతుక్కుంటున్నారు.

"అన్నీ సరిగ్గానే ఉండి, అయినా ఆపేస్తే?" అన్నాడు.

అప్పుడు ఢిల్లీలో ఎవరో ఒకరు నీ ఫైలు విడిగా తెరిచి చూడాలని అడిగే హక్కు మన చట్టంలో రాసి లేదు భాయ్, హైకోర్టులో రిట్ వేసుకోవడమే అన్నాను. కారా నిబంధనలను మళ్లీ సవరించే రోజు వస్తే, కేటాయింపు అయిపోయి బిడ్డకు చెప్పిన కేసులను ఏం చేయాలో ఒక క్లాజు రాయమని మన ఎంపీలను అడగొచ్చు. చైనాలో అలాంటి క్లాజు లేదు. ఇండియాలో ఎవరైనా అడిగినట్టు నాకు తెలియదు.

నిన్న భాభీ వాట్సాప్‌లో ఆల్బమ్ ఫొటోలు పంపింది. పాపకు ఇవ్వాల్సిన ఆల్బమ్, ఆశ్రమంలో మాట్లాడేది తెలుగే కాబట్టి కింద తెలుగులో రాయించాలట. "ఇది అమ్మీ, ఇది అబ్బా" అని రాసి పంపాను. చివరి పేజీలో విమానం బొమ్మ ఉంది. దాని కింద ఏం రాయమంటావ్ అని అడిగింది. వీసా వచ్చేదాకా ఆ పేజీ ఖాళీగా ఉంచమన్నాను.